కోటు విప్పి కూర్చోండి

మర్డీనా ఇంట్లో పొయ్యి పీకింది మీరు. మాట మార్చకండి. పొగగొట్టం నోటికి ఇనపరేకు కొట్టి, నాలుగు మరలు బిగించి, గోడపక్కన ఓ తెల్లపెట్టె నిలబెట్టి, సబ్సిడీ సొమ్ము చేతిలో పడగానే పడవెక్కి పోయింది కంపెనీవాళ్ళు మీరే. ఆ సొమ్ము ఇచ్చిన ఆఫీసువాళ్ళు పక్కకి జరగక్కర్లేదు, మీతోనూ మాట్లాడుతున్నా. ఇల్లు చూశారా? లేదు. రేడియేటర్ మీద చెయ్యి పెట్టారా? లేదు. సంతకం చూశారు. సంతకం ఉంటే ఇల్లు వెచ్చగా ఉన్నట్టే అనుకున్నారు.

బయటి గాలిలోంచి వేడి లాగి ఇంట్లోకి పంపే ఆ పెట్టె, హీట్ పంప్, చెడ్డదని ఎవరూ అనడం లేదు. పోస్టాఫీసు డోలీనా ఇంట్లో ఆరేళ్ళుగా ఆడుతోంది. పట్నంలో ఉండే ప్లంబర్, పని తెలిసినవాడు, గొట్టాలు కొలిచి, గోడలు తట్టి చూసి బిగించాడు. డోలీనా ఫిబ్రవరిలో పొట్టిచేతుల చొక్కాతో వంట చేస్తుంది. కాబట్టి మిషన్ మీదకి నెట్టకండి. మా లూయిస్ దీవి గాలి మీదకి అసలే నెట్టకండి, ఆ గాలి మీరు రాకముందు కూడా ఉంది.

జరిగింది చెబుతా, వినండి. ఆరు రోజుల కథే.

గురువారం పొద్దున మర్డీనా మగ్గం షెడ్డులో ఉంది. ఇంట్లో కంటే షెడ్డే నయం. పాత ఇనప మగ్గం కాళ్ళతో తొక్కాలి. గంటసేపు తొక్కితే ఒంట్లో వేడి పుడుతుంది. ఇంట్లో ఆ వేడి కూడా లేదు. కుడికాలు, ఎడమకాలు, నాడె ఇటు నుంచి అటు దూసుకుపోయి పెట్టెలో ఠప్పున పడుతుంది, అచ్చు ముందుకొచ్చి పేకని తడుతుంది, మళ్ళీ కుడికాలు. చలికి ఉన్నికి పట్టించిన నూనె గడ్డకడుతోంది. పోగు బిరుసెక్కి తెగుతోంది. తెగిన ప్రతిసారీ ఆమె మగ్గం ఆపి, వందల పడుగుపోగుల్లో తెగిన కొసని గోటితో వెతికి పట్టుకుని, ముడేసి, నోటితో వేళ్ళమీద ఊదుకుని మళ్ళీ తొక్కేది. పదింటికల్లా పన్నెండు ముళ్ళు. మామూలు రోజుల్లో వారం మొత్తానికి అన్ని పడవు.

కండె మార్చే వేళకి ఆమె ఇంట్లోకి వెళ్ళి గది వేడి చూపే గోడమీది అట్టముక్క చూసొచ్చింది. హాస్పిటల్ నుంచి వచ్చిన రేచల్ అనే అమ్మాయి దాన్ని అక్కడ అతికించింది. మందంగా ఉండే అట్ట, మీద రంగుల గీతలు, పక్కన అంకెలు. పద్దెనిమిది దగ్గర ఆకుపచ్చ. ఆ పొద్దున పదమూడు దగ్గర నీలం వెలుగుతోంది.

ఆ పద్దెనిమిది కోసమే ఆమె పాట్లు. మర్డీనా మొగుడు టోర్మొద్ ముప్పై ఏళ్ళు చేపల పడవలమీద తిరిగినవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. క్రిస్మస్ నాటికి రెండోసారి నిమ్ము చేసి పట్నం హాస్పిటల్లో పడ్డాడు. ఇప్పుడు కోలుకున్నాడు, ఇంటికి పంపొచ్చు. కానీ పంపే ముందు ఇల్లు చూడాలని రేచల్ వచ్చింది. చూసింది. కూర్చోకుండానే చెప్పింది. ముందు గది పగలంతా పద్దెనిమిది డిగ్రీల దగ్గర నిలవాలి, వచ్చే బుధవారం మళ్ళీ వస్తాను, నిలిస్తే ఆయన్ని పంపిస్తాం, నిలవకపోతే ముసలివాళ్ళు ఉండే కేర్ హోమ్‌లో మంచం ఒకటి ఖాళీ అయింది, అక్కడికి మారుస్తాం. ఆ పిల్ల మంచిదే. చెబుతున్నప్పుడు మర్డీనా మొహం చూడలేక అట్టముక్కనే చూస్తూ చెప్పింది. టోర్మొద్‌కి యాభై ఎనిమిదేళ్ళు. కేర్ హోమ్‌కి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇంటికి రావడం మా వైపు ఎవరూ చూడలేదు.

బయట తెల్లపెట్టె ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. రేకులకి మంచు పేరుకుంటుంది, కాసేపు ఆగి మూలుగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. లోపల గోడలకి ఏడు రేడియేటర్లు, వేడినీళ్ళు పారే ఇనప పలకలు. రెండు కొత్తవి, ఐదు పాతవి, పలచటివి. మొత్తం మారుస్తామనే కాగితంలో రాశారు. అన్నీ గోరువెచ్చగా, పాలు తాగే దూడ మూతిలా ఉంటాయి. కరెంటు హీటర్ పెడితే గది వెచ్చబడుతుంది నిజమే, కానీ ముందే డబ్బు పోసి తిప్పుకునే మీటర్ అది. పొద్దున పోసింది మధ్యాహ్నానికి మింగేస్తుంది.

మరి పాత పొయ్యి వెలిగించుకోవచ్చుగా అంటారు మీరు. ఆ పొయ్యి షెడ్డు వెనక టార్పాలిన్ కింద పడుంది. పొయ్యిలో కట్టెల్లా మండే మట్టి, ఎండిన పీట్ గడ్డలు గోడవారన నిలువెత్తు పేర్చి ఉన్నాయి, కిందటి వేసవి మొగుడూపెళ్ళాం కలిసి బీడునేలలో కోసి ఆరబెట్టినవి. కానీ పొగగొట్టానికి రేకు ఉంది. సబ్సిడీ షరతుల్లో ఆరో పేజీలో ఉందిట, ఇంట్లో వేరే పొయ్యి ఉండకూడదని, రేకు తీస్తే సబ్సిడీ మొత్తం ఇంటివాళ్ళే వెనక్కి కట్టాలని. పద్నాలుగు వేల పౌండ్లు. ఆ సొమ్ములో ఒక్క పౌండు కూడా మర్డీనా చేతికి రాలేదు, నేరుగా కంపెనీకి పోయింది. కట్టాల్సి వస్తే మాత్రం ఆమే కట్టాలి. ఈ ఏర్పాటు ఎవడు రాశాడో వాడి ఇల్లు వెచ్చగానే ఉండుంటుంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఆఫీసుకి ఫోన్ చేసింది. నలభై నిమిషాలు పియానో విన్నాక ఒకావిడ పలికింది. మర్యాదగానే మాట్లాడింది. కంపెనీ మూతబడింది కాబట్టి వాళ్ళని అడగలేమంది. ఫైలు మాత్రం సక్రమంగా ఉందంది. పని పూర్తయింది, వాడకం చూపించారు, ఇంటి యజమాని తృప్తి చెందారు, కింద సంతకం.

"ఆ సంతకం మీది కాదంటారా, మిసెస్ మకాలే?"

మర్డీనా ఫోన్ తీగని వేలికి చుట్టుకుంది, విప్పింది. "నాదే."

అయితే మేం చేయగలిగింది లేదు అంది ఆవిడ, ఇంకేమైనా సాయం కావాలా అని కూడా అడిగింది.

అది మర్డీనా వేలే, అబద్ధం కాదు. నవంబరు నెల, వాన ఏటవాలుగా కొడుతోంది. నలుగురు మనుషులు పెట్టె దించి, పొయ్యి పీకి, రెండు రేడియేటర్లు తగిలించి, మిగతా పనికి సోమవారం వస్తామన్నారు. వాళ్ళలో పెద్దవాడు, నలభై దాటినవాడు, పడవ ప్రయాణానికి కడుపు తిప్పి పాలిపోయి ఉన్నాడు. సముద్రం దాటొచ్చిన మనిషి గుమ్మంలో అలా నిలబడితే మా వైపు ఏం చేస్తారో అదే ఆమె చేసింది. కూర్చోబెట్టి మటన్ సూప్ పోసింది, ఓట్ రొట్టెకి వెన్న రాసిచ్చింది. వెళ్తూ వాడు చేతిలో పట్టుకున్న గాజు పలక, అదే టాబ్లెట్, చాపాడు. మేం వచ్చామని ఒక గీత గీయండి అన్నాడు. పలక ఖాళీగా ఉంది, తెల్లగా. ఆమె చేతికి ఉన్ని నూనె ఉంది. అది పలకకి అంటుతుందేమోనని సిగ్గుపడి, వేలు అప్రాన్‌కి మూడుసార్లు తుడుచుకుని మరీ గీసింది. వాడు సూప్ బాగుందని చెప్పి వెళ్ళాడు. సోమవారం ఎవరూ రాలేదు. ఏ సోమవారమూ రాలేదు.

శుక్రవారం పోస్టాఫీసులో డోలీనా ఇదంతా విని, స్టాంపు కొట్టడం ఆపింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీమీద కూర్చున్నవాళ్ళు.

"మర్డీ, నా మాట విను. కోడి కాలితో గీకినట్టుంటుంది వేలితో గీసిన గీత. ఎవరిదైనా కావచ్చు. నాది కాదు అను. రెండే మాటలు."

"నాదే కదే."

"అబ్బా, అది నాకు తెలుసు, నీకు తెలుసు. ఆఫీసుకి తెలుసా?"

"వాడికి సూప్ కూడా పోశాను."

"అది కూడా చెప్పకు, దానిక్కూడా సబ్సిడీ రాసుకుంటారు." డోలీనా మళ్ళీ స్టాంపు అందుకుంది. సరే, కనీసం ఫైలు కాపీ తెప్పిస్తానంది, ఎవరి ఫైలు వాళ్ళు అడిగితే ఇవ్వాలని రూలు ఉందిట.

వరసలో వెనకాల ఈవర్ నిలబడి ఉన్నాడు. మా సంఘం పెద్ద. డెబ్బై ఏళ్ళవాడు, చర్చిలో కీర్తన మొదలుపెట్టే గొంతు ఆయనదే. ఆయన ఒక లైను ఎత్తుకుంటే మేమంతా వెనకాల అందుకుంటాం. ఊళ్ళో ఆ కంపెనీకి మొదట ఒప్పుకున్నది కూడా ఆయనే, ఆయన్ని చూసి నలుగురు ఒప్పుకున్నారు. ఉన్ని కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, లోపలికొచ్చినా విప్పకుండా నిలబడ్డాడు. మా ఇంట్లో బాగానే ఉంది అన్నాడు, ఎవరూ అడక్కపోయినా. ఆ మిషన్ బటన్లు ఓపికగా నేర్చుకోవాలి మర్డీనా, ఆడవాళ్ళకి కాస్త టైం పడుతుంది అన్నాడు.

"మీ ఆవిడకి ఎంత టైం పట్టింది పెద్దాయనా?" అంది డోలీనా.

ఆయన పెన్షన్ తీసుకుని వెళ్ళిపోయాడు. కొత్త సంవత్సరం నాడు శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్ళినవాళ్ళని ఆయన ఈసారి లోపలికి పిలవలేదు. సీసా, గ్లాసులు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి అందరికీ పోశాడు. పెద్దాయనకి చాదస్తం పెరిగిందనుకున్నాం.

పోస్టాఫీసు గోడమీద కొత్త పోస్టర్ వేలాడుతోంది. మంగళవారం మధ్యాహ్నం ఊరి హాల్లో సమావేశం, హీట్ పంప్‌లకి కొత్త విడత సబ్సిడీ, టీ, కేకు ఉచితం. బొమ్మలో ఒక కుటుంబం చెప్పుల్లేకుండా సోఫాలో పడుకుని నవ్వుతోంది. మర్డీనా ఆ పాదాల వంక చాలాసేపు చూసింది. ఆ నెల ఆమె మేజోళ్ళు విప్పింది స్నానానికే.

శనివారం ఫైలు కాపీ మెయిల్లో వచ్చింది. డోలీనా ప్రింటు తీసి చేతిలో పెట్టేసరికి బస్సు హారన్ కొడుతోంది. బస్సులో కూర్చుని మర్డీనా కాగితాలు తిప్పింది. పదకొండు పేజీలు. ఆఖరి పేజీలో ఆ గీత. డోలీనా అన్నట్టే ఉంది, కోడి గీకినట్టు. పక్కన అంకెలు, పంతొమ్మిది, పదకొండు, ఆపైన సంవత్సరం, కింద పగలు పన్నెండు గంటలని. ఆమె కళ్ళు ఆ గీతమీదే ఆగిపోయాయి. తన వేలు చేసిన పని. కాగితాలు మడిచి సంచీలో అడుగున పెట్టేసింది.

హాస్పిటల్లో టోర్మొద్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు, చొక్కా బొత్తాలు రెండు విప్పుకుని.

"చూడు, ఇక్కడ నన్ను రొట్టెలా కాలుస్తున్నారు," అన్నాడు. "అటు తిప్పడం ఒక్కటే తక్కువ."

ఆమె నవ్వింది. ఉప్పు హెర్రింగ్ చేప తెచ్చావా అంటే నర్సు వాసన పట్టేస్తుందని తేలేదంది. కాగితాల సంగతి, డోలీనా సలహా చెప్పింది. ఆయన శ్వాస అందేదాకా ఆగి మాట్లాడాడు. "నీ వల్ల కాదులే. పట్టిన చేప బరువు కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషివి. నా పరువు ఎన్నిసార్లు తీశావు."

కిటికీ వైపు తిరిగాడు. ఆయనే మళ్ళీ అన్నాడు. కేర్ హోమ్ వాళ్ళు వచ్చి మాట్లాడారుట. గది బాగానే ఉంటుందిట. కిటికీలోంచి కార్లు పెట్టే స్థలం కనిపిస్తుందిట.

"కార్లు," అన్నాడు. "ఎన్ని రంగులో."

మర్డీనా ఆయన చొక్కా పై బొత్తాం పెట్టింది. వేడిగా ఉందన్నాడుగా, మళ్ళీ విప్పింది.

ఇంటికొచ్చేసరికి శనివారం పనులు ఎదురుచూస్తున్నాయి. మాకు ఆదివారం అంటే ఆదివారమే. మగ్గం తిరగదు, బట్టలు ఆరవు, కత్తెర కదలదు. బేరం, కాగితం, ఫోన్, ఏదీ లేదు. కాబట్టి శనివారమే బంగాళాదుంపలు చెక్కు తీసి నీళ్ళలో వేసింది, సూప్ కాచింది, బూట్లు తుడిచింది, నాడె తీసి పెట్టెలో పడుకోబెట్టింది. సంచీలోని కాగితాలు వంటగది సొరుగులో పెట్టి మూసింది.

ఆదివారం చర్చి వెచ్చగా ఉంది. పొయ్యి దగ్గరి బెంచీలు ఈమధ్య త్వరగా నిండుతున్నాయి. ఎందుకో ఎవరూ అనరు. ఈవర్ కోటుతోనే నిలబడి కీర్తన ఎత్తాడు. గొంతు మధ్యలో ఒకచోట బొంగురుపోయింది, ఎప్పుడూ పోదు. ప్రసంగం ముందు పాస్టర్ లెక్కలు చదివారు. చాలామంది అప్పుడే పెప్పర్‌మెంట్లు నోట్లో వేసుకుంటారు, మర్డీనా కూడా కాగితం విప్పుతోంది.

నవంబరు పంతొమ్మిది, బల్ల ఆదివారం నాటి కానుక, లైఫ్‌బోటు వాళ్ళకి పంపించాం అని చదివారు పాస్టర్.

పెప్పర్‌మెంటు ఆమె వేళ్ళ మధ్య ఆగింది.

బల్ల ఆదివారం. ఏడాదికి రెండుసార్లు వచ్చే ప్రభు భోజనం. ఆ ముందు శుక్రవారం నుంచి సోమవారం దాకా ఊరు ఊరంతా చర్చిలోనే ఉంటుంది. దక్షిణాన హారిస్ వైపు నుంచి వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఆ నాలుగు రోజులూ ఆమె ఇంట్లోనే దిగారు. ఇల్లు చల్లగా ఉందని, కంపెనీవాళ్ళు సోమవారం వస్తారని ఆమె వాళ్ళకి నచ్చజెప్పింది కూడా. పంతొమ్మిది అంటే ఆ ఆదివారం. కాగితం మీద పంతొమ్మిదే ఉందా? తొమ్మిదేమో? పదహారేమో? ఆమె గీత గీసింది గురువారం, పదహారున.

ప్రసంగం గంటా పది నిమిషాలు సాగింది. ఏ అధ్యాయం అని అడిగితే ఆమె చెప్పలేదు. దేవుడి ఇంట్లో కూర్చుని హీట్ పంప్ గురించి ఆలోచిస్తున్నానని తనని తానే తిట్టుకుంది, మళ్ళీ ఆలోచించింది. ఇంటికొచ్చింది. సూప్ వేడిచేసుకుంది. సొరుగు ఎదురుగానే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. చాపలేదు. మీకు నవ్వు రావచ్చు. ఒక్క కాగితం చూసుకుంటే ఏమవుతుంది అనొచ్చు. కానీ ఆ రోజు ఆ సొరుగు లాగి ఉంటే, ఆదివారం కాగితం ముట్టని మనిషిగా మంగళవారం ఆమె మాటకి ఉన్న బలం సగానికి పడిపోయేది. అది ఆమెకి అప్పుడు తెలియదు. దుప్పటి కప్పుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, సొరుగు వైపు వీపు పెట్టి కూర్చుంది. అట్టముక్క మీద పన్నెండు.

సోమవారం తెల్లవారగానే సొరుగు లాగింది. పంతొమ్మిదే. గోడమీది సంఘం క్యాలెండర్ పక్కన పెట్టి మరీ చూసింది. కోటు భుజాన వేసుకుని, మగ్గం మొహం కూడా చూడకుండా పోస్టాఫీసుకి నడిచింది. డోలీనా కాగితం చూసింది, క్యాలెండర్ చూసింది. నోరు చేత్తో మూసుకుంది. 

"ఇప్పుడు నేను అబద్ధం ఆడక్కర్లేదు," అంది మర్డీనా.

మంగళవారం హాలు నిండింది. కేకుకి అనుకోండి, హాలు వెచ్చగా ఉంటుందనుకోండి. ఆఫీసు తరఫున గార్సైడ్ అనే ఆయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, మంచి బూట్లు, నెమ్మదైన మాట. తెరమీద బొమ్మలు వేసి కొత్త విడతలో ఎవరికెంత వస్తుందో చెప్పాడు. దీవులకి అదనంగా ఇస్తారుట. చెప్పులు లేని కుటుంబం మళ్ళీ కనిపించింది. ప్రశ్నలున్నాయా అన్నాడు.

మర్డీనా లేచింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది, పడుగుపోగులు బిగువు చూసేటప్పుడు పట్టుకున్నట్టు. తన పేరు చెప్పింది, ఇల్లు చెప్పింది. సగం పని చేసి పోయారని చెప్పింది. గార్సైడ్ సానుభూతిగా తలాడించి, అలాంటివాటికి ఫోన్ నంబరు ఉందన్నాడు. ఆ నంబరు తనకి నోటికొచ్చు అంది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"కింద సంతకం నాదే," అంది. "నేనే గీశాను. ఖాళీ పలకమీద, గురువారం, పదహారో తారీఖున, వాళ్ళు వచ్చారని. మీ కాగితంలో పంతొమ్మిది, పగలు పన్నెండు గంటలు అనుంది. ఆ రోజు పని పూర్తిచేసి, నాకు వాడకం నేర్పి, నా చేత సంతకం పెట్టించుకున్నారని ఉంది. అది ఏ వారమో చూసి చెప్పండి."

గార్సైడ్ ఫోన్ తీసి చూశాడు. "ఆదివారం," అన్నాడు. అని, అందులో ఏముందన్నట్టు తలెత్తాడు.

హాల్లో కప్పులన్నీ సాసర్లలోకి దిగాయి. ఆయనకి అర్థం కాలేదు, పాపం. ఒక్కోసారి సిస్టంలో తేదీ దానంతటదే పడుతుందని మొదలుపెట్టాడు. వారాంతాల్లో పనిచేసే కంపెనీలు కూడా ఉంటాయన్నాడు. ఆ ఇంటికి మంజూరు ఇచ్చింది తొంభై రోజులకే, ఆ గడువు సరిగ్గా ఆ తేదీతోనే ముగుస్తుంది, దాటితే కంపెనీకి పైసా వచ్చేది కాదు, అందుకని త్వరపడి ఉండొచ్చు అన్నాడు. అంటూ అంటూ తన మాట తనకే వినిపించి ఆగిపోయాడు.

అప్పుడు ముందు వరసలో ఈవర్ లేచాడు.  పెద్దాయన లేచాడంటే మందలించడానికే, మా ఇంట్లో బాగానే ఉందని చెప్పడానికే అనుకుంది మర్డీనా. ఆయన గార్సైడ్ వైపు చూడలేదు. మా వైపు తిరిగాడు.

"ఆ ఆదివారం ఆ వేళకి నేను రొట్టె పళ్ళెం పట్టుకుని మీ మధ్య నడుస్తున్నాను," అన్నాడు. "నా కాగితంలోనూ అదే తేదీ. డిసెంబర్లోనే కాపీ తెప్పించుకుని చూశాను."

ఎవరో ఏదో అనబోయారు. ఆయన చెయ్యి ఎత్తాడు.

"చూసి దాచేశాను. బల్ల రోజున సంఘం పెద్ద బేరం కాగితం మీద సంతకం పెట్టాడని ఊరంతా చెప్పుకుంటారని భయపడ్డాను. వాళ్ళు దొంగతేదీ వేశారని నాకు తట్టలేదు. నా పేరు ఏమవుతుందో అదే తట్టింది. ఈ అమ్మాయికి బటన్లు రావన్నాను." ఆయన మెడ దగ్గర నుంచి బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్ళు వంకరపోయి ఒక్కో బొత్తానికి చాలాసేపు పట్టింది. ఉన్ని కోటు కింద ఇంకో కోటు ఉంది. దాని కింద రెండు స్వెట్టర్లు. "మా ఇంట్లో తొమ్మిది డిగ్రీలు. మా ఆవిడ పగలంతా మంచంలోనే ఉంటోంది."

సంచులు విప్పిన చప్పుడు, కాగితాల చప్పుడు. ఎవరికి వాళ్ళు గుట్టుగా తెప్పించుకుని, అడుగుదామని సంచుల్లో తెచ్చుకున్న కాపీలతో ఒక్కొక్కరే లేచారు. నన్ను చూసే కదా ఒప్పుకున్నారు అని ఈవర్ అంటూనే ఉన్నాడు. ఐదిళ్ళు, ఐదు కాగితాలు, అన్నిటి మీదా పంతొమ్మిది. ఒకే ఆదివారం, బల్ల వేళకి, ఐదు ఇళ్ళలో ఒకేసారి పని పూర్తిచేసి పోయారట ఆ మహానుభావులు. తలుపు తీయడానికి ఒక్క ఇంట్లోనూ మనిషి లేడు ఆ వేళ. మూడు నెలలుగా ఐదిళ్ళవాళ్ళూ ఎవరికి వాళ్ళు తమదే తప్పనుకుని, కోట్లు వేసుకుని, కిటికీ తెరలు దించుకుని కూర్చున్నారు.

గార్సైడ్ కాగితాలు ఫోటోలు తీసుకున్నాడు. మొహం ఎర్రబడింది. సిగ్గున్న మనిషే, అంతమాత్రం ఒప్పుకోవాలి. పైవాళ్ళకి పంపిస్తాను, విచారణ జరుగుతుంది అన్నాడు. నాలుగున్నరకి పడవ ఎక్కించే కారు వస్తుందని కూడా అన్నాడు.

"దానికింకా గంట ఉంది," అంది మర్డీనా. "మా ఇల్లు మూడు నిమిషాలు."

వెళ్ళారు. డోలీనా పోస్టాఫీసు తలుపుకి తాళం వేసి మరీ వెళ్ళింది. మర్డీనా ముందుగదిలో కుర్చీ లాగి వేసింది, అట్టముక్కకి ఎదురుగా. కోటు విప్పి కూర్చోండి అంది. ఆయన సంశయించాడు. మా ఆయన ఈ గదిలో కోటు లేకుండా కూర్చోగలడా లేదా అన్నదే ప్రశ్న, మీరు కూర్చుని చూడండి అంది. ఆయన విప్పాడు. ఆమె దాన్ని అందుకుని గుమ్మం పక్కన కొక్కేనికి, టోర్మొద్ పడవమీద వేసుకునే నూనెగుడ్డ కోటు పక్కన తగిలించింది. టీ ఇచ్చింది, ఓట్ రొట్టె ఇచ్చింది. బయట పెట్టె మూలిగింది, ఆగింది, తిరిగింది. ఐదు నిమిషాలకి ఆయన కప్పుని రెండు చేతులా పట్టుకున్నాడు. పది నిమిషాలకి మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. లేచి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. ఆఫీసు నుంచి వచ్చి దానిమీద చెయ్యి పెట్టిన మొదటి మనిషి ఆయనే.

"మీకు అన్యాయం జరిగింది," అన్నాడు.

రేపు పొద్దున పదింటికి రేచల్ వస్తుందని ఆమె చెప్పింది. పద్దెనిమిది సంగతి చెప్పింది. మంచం సంగతి, కార్లు కనిపించే కిటికీ సంగతి చెప్పింది. ఆయన అట్టముక్క చూశాడు, రేకు చూశాడు. విచారణ ముగిసేదాకా రేకు తీయడం షరతులకి విరుద్ధం, ఇరవై ఎనిమిది పనిదినాలు పడుతుంది, నా చేతుల్లో లేదు అన్నాడు.

ఈవర్ అప్పటికే లోపలికొచ్చి ఉన్నాడు. చేతిలో పెద్ద స్పానర్. ఆయన వెనకాల ఇద్దరు షెడ్డు వెనక టార్పాలిన్ లాగుతున్న చప్పుడు. పెద్దాయన రేకు ముందు మోకాళ్ళమీద కూర్చుని, మొదటి మరకి స్పానర్ తగిలించి, మర్డీనా వైపు చూసి ఆగాడు. తిప్పమంటే తిప్పుతాడు. పద్నాలుగు వేలు ఆ మరమీద ఉన్నాయి.

ఆమె తిప్పమనలేదు. సొరుగు లాగి, తెల్లకాగితం, పెన్ను తెచ్చి గార్సైడ్ ఒళ్ళో పెట్టింది.

"పనిదినాలు మీవి. నాకున్నది రేపు పదింటిదాకా. రాయండి. ఈ ఇల్లు మేం చూడకుండా డబ్బిచ్చాం. ఆ పంతొమ్మిదో తేదీ అబద్ధం. రేకు తీసి పొయ్యి వెలిగించుకున్నందుకు ఈ ఇంటివాళ్ళు పైసా కట్టక్కర్లేదు. మిగతా నాలుగిళ్ళకీ అదే రాయండి. ఈ ఐదిళ్ళ పనీ పని తెలిసినవాడి చేత మీ ఖర్చుతో పూర్తిచేయిస్తామని రాయండి. ఇకమీద ఏ ఇంటికైనా, మీలో ఒకడు ఇలా కోటు విప్పి కూర్చుని లేచాకే డబ్బిస్తామని రాయండి. కింద మీ పేరు. పేరు కింద తేదీ. పక్కన మంగళవారం అని కూడా రాయండి. అది రాశాక కోటు ఇస్తాను."